బావ పేరు మీద కొన్న పిస్తోలు

తుపాకుల కొట్లో పంతొమ్మిదేళ్ళు పనిచేశానంటే మనవాళ్ళు ముందు నా మొహం చూస్తారు, తర్వాత నా చేతులు చూస్తారు. ఈ చేతులతోనే మీ ఇళ్ళల్లో శుభకార్యాలకి పూతరేకులు చుట్టానమ్మా అంటాను. పోయిన ఏడు మోకాళ్ళు ఇంక నిలబడనివ్వకపోతే మానేశాను. ఇప్పుడు గ్రీన్ కార్డ్ వచ్చిన మన కోడళ్ళు, కాలేజీ అయిపోయిన మన పిల్లలు రకరకాల కౌంటర్ల మీద పనికి వెళ్తున్నారు. ఒకళ్ళిద్దరు నేను చేసినటువంటి కొట్లలోనే చేరారు. "అత్తా, ఆ పని ఎలా ఉంటుందో నీకు గుర్తున్నది గుర్తున్నట్టు రాసిపెట్టు" అని మా మేనకోడలు నోట్‌బుక్ కొనిచ్చింది. నేను ఏడో క్లాసు దాకా చదివాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

తుపాకి ఎలా విప్పాలో, ఎలా తుడవాలో ఇందులో రాయను. అది రెండు వారాల్లో ఎవరైనా నేర్పిస్తారు. మనుషుల సంగతి రాస్తాను.

మిస్టర్ ఎర్ల్

మా కొట్టు టెక్సస్‌లో, మనవాళ్ళు ఎక్కువగా ఉండే కాపెల్ ఊరి నుంచి ఉత్తరానికి నలభై నిమిషాల డ్రైవ్. ముందు భాగంలో బూట్లు, గాలాలు, చేపల ఎరలకి వానపాములు పెట్టిన ఫ్రిజ్, వేటకి వెళ్ళేవాళ్ళ చొక్కాలు. వెనకాల పొడుగాటి గాజు కౌంటర్. తుపాకులు అక్కడ. యజమాని మిస్టర్ ఎర్ల్. ఆరడుగుల పైన మనిషి, మాట మాత్రం పక్కవాడికి వినబడీ వినబడనట్టు ఉంటుంది.

మా అన్నయ్య పెట్టిన పిటిషన్ మీద గ్రీన్ కార్డ్ వచ్చి నేను ఈ దేశం వచ్చిన కొత్తలో గ్యాస్ స్టేషన్‌లో చేసేదాన్ని. మిస్టర్ ఎర్ల్ అక్కడికి రోజూ కాఫీకి వచ్చేవాడు. ఒక ఆదివారం పొద్దున్న ఒకాయన బీరు సీసాలు తెచ్చి నా ముందు పెట్టాడు. ఆదివారాలు టెక్సస్‌లో ఒక టైమ్ దాటేదాకా బీరు అమ్మకూడదు. ఇంకా అరగంట ఉంది. కుదరదన్నాను. ఆయన గొణిగాడు. "అరగంటే కదా, ఇలా కూర్చోండి, కాఫీ నేనిస్తాను" అని కుర్చీ వేశాను. ఆయన కూర్చుని వాళ్ళావిడ మోకాలి ఆపరేషన్ సంగతి మొత్తం చెప్పి, టైమ్ అయ్యాక బీరు కొనుక్కుని వెళ్ళాడు.

మిస్టర్ ఎర్ల్ లైన్లో నిలబడి ఇదంతా చూశాడు. "నీకు లేదు అని చెప్పడం వచ్చు. లేదన్నాక మనిషిని కూర్చోబెట్టుకోవడం కూడా వచ్చు. తుపాకుల సంగతి నేను నేర్పిస్తాను, వస్తావా" అన్నాడు. వెళ్ళాను.

అక్కడ మన పనంతా ఒక ఫారం. తుపాకి కొనే ప్రతివాళ్ళూ నింపాలి. పేరు, పుట్టిన తేదీ అయ్యాక ప్రశ్నలు మొదలవుతాయి. ఈ తుపాకి నీ కోసమేనా కొంటున్నది? పెద్ద నేరంలో శిక్ష పడిందా? ఇంట్లో ఆడవాళ్ళని కొట్టిన కేసు ఉందా? గంజాయి వాడతావా? వీసా మీద వచ్చావా? నాకు ఇంగ్లీష్ చదవడం నత్తనడక కాబట్టి మిస్టర్ ఎర్ల్ ఒక్కొక్క ప్రశ్న చదివి వినిపించాడు, నేను ఎక్కాలు బట్టీ పట్టినట్టు పట్టేశాను. ఫారం అయ్యాక గవర్నమెంటుకి ఫోన్ చేస్తాం. వాళ్ళు ఇవ్వమనో, ఆగమనో, వద్దనో చెబుతారు.

మొదటి వారం నేను ఆయన్ని అడిగాను. "రాజ్యాంగంలో రెండో సవరణ అని ఒకటి ఉంది, తుపాకి పెట్టుకోవడం జనం హక్కు అని అందులో ఉందంటారు. హక్కయితే ఇన్ని ప్రశ్నలెందుకు?"

"హక్కు జనానిది. ఆ జనంలో ఎవరెవరు ఉన్నారన్నదాని మీద రెండు వందల ఏళ్ళుగా కొట్లాడుకుంటున్నారు. వాళ్ళు తేల్చేలోపు మనం కొట్టు తెరవాలి కదా" అన్నాడు.

హాంక్ గారి బిళ్ళలు

నేను కొట్లో చేరిన పన్నెండో ఏడు హాంక్ అనే పెద్దాయన వచ్చాడు. మిస్టర్ ఎర్ల్‌కి చిన్ననాటి స్నేహితుడు. నడుం నొప్పితో రాత్రిళ్ళు నిద్ర ఉండదు. కూతురు కొలరాడోలో ఉంటుంది. అక్కడ గంజాయి షాపుల్లోనే అమ్ముతారు. ఆ పిల్ల తండ్రికి గంజాయి కలిపిన బిళ్ళలు తెచ్చి ఇచ్చేది. చప్పరిస్తే నిద్ర పడుతుంది. ఆ రోజు పావురాల వేటకి కొత్త తుపాకి తీసుకుందామని వచ్చి, ఫారం నింపుతూ గంజాయి ప్రశ్న దగ్గర అవును అని టిక్ పెట్టాడు. ఆ ప్రశ్న కిందే రాసి ఉంటుంది, ఏ రాష్ట్రం ఒప్పుకున్నా దేశం మొత్తానికి ఉన్న చట్టం ఒప్పుకోదని.

మిస్టర్ ఎర్ల్ ఫారం చూసి పక్కన పెట్టాడు. "ఇవ్వలేను హాంక్."

"నలభై ఏళ్ళుగా నీ దగ్గరే కొంటున్నాను."

"తెలుసు."

"నా నడుం నొప్పి నేరమా?"

"నా లెక్కలో కాదు. కోర్టుకి వెళ్తానంటే చెప్పు, కారు నేను డ్రైవ్ చేస్తాను, సాక్ష్యం కూడా చెబుతాను. ఇక్కడ మాత్రం ఇవ్వను."

హాంక్ గారు రెండు డబ్బాల వానపాములు కొనుక్కుని వెళ్ళిపోయాడు. నాకు ఆ రోజు మిస్టర్ ఎర్ల్ మీద కోపం వచ్చింది. రాయిలాంటి మనిషి అనుకున్నాను. ఆ ముసలాయన వేరే బాక్స్‌లో టిక్ పెట్టి ఉంటే ఎవరికి తెలిసేది? నిజం చెప్పినవాడికే లేదన్నాడేమిటి అనుకున్నాను.

ఇప్పుడు ఆ గంజాయి ప్రశ్న మీద కోర్టుల్లో వాదనలు జరుగుతున్నాయి. ఒక జడ్జి నేరమంటాడు, ఇంకో జడ్జి హక్కంటాడు. మీరు చేరేసరికి ఫారమే మారిపోవచ్చు. మారిన రోజు మారినట్టు అడగండి. మారేదాకా ఉన్నట్టు అడగండి. చట్టం నచ్చకపోవడం వేరే సంగతి, అది ఇంటికెళ్ళి మాట్లాడుకోవచ్చు. నాకు ఇది అర్థం కావడానికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది. యాదగిరి వల్ల అర్థమయింది.

నేను అడగని మాట

యాదగిరిది జనగాం వైపు. ఇక్కడికి వచ్చి పాతికేళ్ళు దాటింది, సిటిజెన్. మన తెలుగు సంఘంలో రెండొందల మందికి పులిహోర కలపాలంటే అతనూ నేనే. నన్ను అక్కా అంటాడు. వాళ్ళింట్లో నేను ఎన్ని పూటలు తిన్నానో లెక్కలేదు. ఒక శనివారం కొట్టుకి వచ్చాడు.

"ఏందక్కా, పూతరేకులేమన్న ఉన్నయా?"

"తుపాకుల కొట్లో పూతరేకులేంటి, నీ మొహం. ఏం కావాలి?"

"ఒక పిస్తోలు చూపియ్యి. చిన్నది. ఆడపిల్ల చేతిల పట్టేటట్టు ఉండాలె."

"సుజాతకా?" అన్నాను. సుజాత వాళ్ళావిడ.

అతను కౌంటర్ గాజులోకి చూశాడు. "ఇంట్ల ఒకటుంటే మంచిది గదక్కా" అన్నాడు.

సుజాత సంగతి నాకు తెలుసు. పెనం మీద ఆవాలు చిటపటమంటేనే వెనక్కి గెంతుతుంది. పిస్తోలు ముట్టుకునే మనిషి కాదు. మరి ఎవరికోసం అని నా నోటి దాకా వచ్చింది. అడగలేదు. అడిగితే నువ్వు అబద్ధం చెబుతున్నావా అన్నట్టు ఉంటుంది. అతని ఇంటి అన్నం తిన్నాను. ఫారం ఇచ్చాను. నీ కోసమేనా కొంటున్నది అన్న ప్రశ్న దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది. అది కూడా చూశాను. తర్వాత అవును అని టిక్ పెట్టాడు. ఫోన్ చేశాం, ఇవ్వమన్నారు, ఇచ్చాం.

చేరబోయే పిల్లలకి ఒక్కటి చెబుతాను. ఈ పనిలో మీరు తెలియనివాళ్ళ దగ్గర తప్పు చేయరు. తెలియనివాళ్ళ దగ్గర ఒళ్ళు దగ్గర పెట్టుకునే ఉంటారు. బాగా కావలసినవాళ్ళు వచ్చినప్పుడు రెండో ప్రశ్న అడగరు.

లంచ్ బ్యాగ్

నెల తర్వాత ఒక మంగళవారం మధ్యాహ్నం ముప్ఫై ఏళ్ళ కుర్రాడు వచ్చాడు. మెడలో ఆఫీస్ కార్డు, చేతిలో లంచ్ బ్యాగ్. కౌంటర్ మీద పెట్టి జిప్ తీశాడు. పెరుగన్నం డబ్బా పక్కన పిస్తోలు. దీనికి బుల్లెట్లు కావాలి అన్నాడు ఇంగ్లీష్‌లో.

నేను ముందు అది ఖాళీయో కాదో చూశాను. ఖాళీయే. ఆ సైజువి మేము అమ్మేదే తక్కువ. నంబర్ చూడక్కర్లేకుండానే పోల్చుకున్నాను.

"తెలుగువాళ్ళేనా నాయనా?"

కుర్రాడి మొహం వెలిగిపోయింది. "మీరు రత్నం ఆంటీ గదా. యాదగిరి బావ చెప్పిండు. మీ దగ్గరనే కొన్నమని."

"కొన్నామని అంటే? కొన్నది ఎవరు?"

"నేనే ఆంటీ. పైసలు నేనే ఫోన్ల పంపిన. బావ సిటిజెన్ గదా, ఆయన పేరు మీద తీసుకున్నం."

ఎంత మామూలుగా చెప్పాడంటే, గ్యాస్ కనెక్షన్ సంగతి చెప్పినట్టు చెప్పాడు. నేనూ మన దేశంలోనే పుట్టి పెరిగాను కాబట్టి ఆ పిల్లాడి మీద కోపం రాలేదు. మన దగ్గర స్కూటర్ మామయ్య పేరు మీద ఉంటుంది, నడిపేది మేనల్లుడు. ఫోన్ సిమ్ అన్న పేరు మీద, మాట్లాడేది చెల్లెలు. ఇంటి స్థలం అత్తగారి పేరు మీద. ఇంట్లో ఎవరికి వీలుంటే వాళ్ళ పేరు రాయించడమే తప్ప, పేరు రాసినవాళ్ళు వాడాలని మనకి ఎవరూ చెప్పలేదు.

"నీకు ఏ వీసా?" అన్నాను.

"హెచ్ వన్ బి. గ్రీన్ కార్డ్ లైన్ల ఉన్నం ఆంటీ."

అతని చెయ్యి జిప్ మీదకి పోయింది. "ముట్టుకోకు" అన్నాను. కుర్చీ చూపించి కూర్చోమన్నాను.

ఆ పిల్లాడి పేరు సాయి. సుజాతకి సొంత తమ్ముడు. కాపెల్‌లో ఉంటాడు. భార్య మాధవి, పది నెలల బాబు. మన ఇళ్ళల్లో బంగారం ఉంటుందని దొంగలకి తెలుసు. వాళ్ళ వీధిలో రెండిళ్ళు దోచారు. తర్వాత ఒక రోజు పట్టపగలు ఎవడో వీళ్ళ వెనక తలుపు తన్నాడు. మాధవి బాబుని పట్టుకుని బాత్రూమ్‌లో తాళం వేసుకుని పోలీసులకి ఫోన్ చేసింది. వాళ్ళు వచ్చేసరికి తన్నినవాడు పోయాడు. ఆ రోజు నుంచి ఆ పిల్ల స్నానానికి కూడా ఫోన్ పట్టుకునే వెళ్తోంది.

నేను సాయికి చెప్పాను. వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి పట్టుకుంటేనే నేరం. బుల్లెట్ జేబులో వేసుకున్నా నేరమే. ఈ బ్యాగ్‌తో ఇక్కడికి రావడం కూడా అందులోకే వస్తుంది. కేసు పెడితే జైలు. వీసా పోతుంది, లైన్ పోతుంది, పెళ్ళాం బిడ్డల్ని తీసుకుని వెళ్ళిపోవాల్సి వస్తుంది.

"ఈ దేశంల అందరికి హక్కు ఉంటదంటరు గద ఆంటీ" అన్నాడు.

"అందరికీ అని మొదలవుతుంది. తర్వాత ఎవరెవరికి లేదో లిస్ట్ ఉంటుంది. నువ్వు ఆ లిస్ట్‌లో ఉన్నావు నాయనా."

పుస్తకంలో ఎవరి పేరు

ఆ పిస్తోలుని సాయి మళ్ళీ బయటకి తీసుకుపోవడానికి లేదు. కొట్టుకి లైసెన్స్ ఉంది కాబట్టి మేము తీసుకోవచ్చు. తీసుకుంటే పుస్తకంలో రాయాలి. కొట్లోకి వచ్చిన ప్రతి తుపాకి నంబర్, ఎవరి దగ్గర నుంచి వచ్చింది, ఎవరికి వెళ్ళింది, ఆ పుస్తకంలో ఉంటుంది. ప్రభుత్వంవాళ్ళు వచ్చి చూస్తారు. అందులో సాయి పేరు రాస్తే అతని చేతిలో తుపాకి ఉందని మేమే రాసిచ్చినట్టు.

నేను మిస్టర్ ఎర్ల్‌ని గొడౌన్‌లోకి పిలిచాను.

"యాదగిరికి ఫోన్ చేస్తాను. పరిగెత్తుకుని వస్తాడు. అతనే తెచ్చి ఇచ్చాడని రాద్దాం. కాగితం మీద తుపాకి అతనిదే కదా."

"తెచ్చింది ఎవరు?"

"సాయి. చంటిబిడ్డ ఉంది మిస్టర్ ఎర్ల్. వాళ్ళ బతుకు పోతుంది."

ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. "రత్నా, ఆ కుర్రాడి బావ ఏం చేశాడు?"

"ఇతనికి బదులు తన పేరు రాశాడు."

"నువ్వు నన్ను ఏం రాయమంటున్నావు?"

యాదగిరికి చేద్దామని తీసిన ఫోన్ మళ్ళీ సంచిలో పెట్టేశాను. అప్పుడే ఇంకో సంగతి కూడా చెప్పేశాను. యాదగిరి వచ్చిన రోజు నాకు అనుమానం వచ్చిందని, అడగలేదని. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఇది నువ్వు రాయక్కర్లేదు, నేను రాస్తాను" అని కౌంటర్ దగ్గరికి వెళ్ళి పుస్తకం తీసి, సాయి పేరు అడిగి, ఒక్కొక్క అక్షరం అతనికి చూపించి మరీ రాశాడు. తర్వాత మా దగ్గర కొనే ఒక లాయరమ్మకి ఫోన్ చేసి, "ఒక మంచి కుర్రాడు ఇబ్బందిలో పడ్డాడు, ఇప్పుడే పంపుతున్నాను, దారిలో ఎవరితోనూ మాట్లాడడు" అన్నాడు.

సాయి పెరుగన్నం డబ్బా ఒక్కటీ బ్యాగ్‌లో పెట్టుకుని వెళ్ళాడు.

మర్నాడు మిస్టర్ ఎర్ల్ నన్ను తుపాకుల కౌంటర్ నుంచి తీసి బూట్ల దగ్గర వేశాడు. మూడు నెలలు బూట్ల సైజులు చూశాను. అది శిక్షే, నాకు తగినదే.

మాధవి

ఆ వారంలోనే మాధవి బాబుని ఎత్తుకుని కొట్టుకి వచ్చింది. గోదావరి పిల్ల, మాట గట్టిది.

"అందరూ మీరు మంచిపని చేశారంటున్నారు ఆంటీ. చేసే ఉంటారు. నా వెనక తలుపు సంగతి మాత్రం ఎవరూ ఎత్తట్లేదు."

బూట్ల డబ్బా చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. వెనక నుంచి మిస్టర్ ఎర్ల్ వచ్చి, ఆమె ఏమన్నదో నన్ను అడిగి, "తలుపు ఏ చెక్క?" అన్నాడు.

ఆదివారం ఆయన డ్రిల్ మిషను, గుప్పెడు పొడుగాటి మరలు పట్టుకుని కాపెల్ వచ్చాడు. నేను దారి చూపించాను. తలుపు కన్నా దాని చుట్టూ ఉన్న చట్రం మెత్తగా ఉందని, తన్నితే ఊడేది అదేనని చెప్పి, ఇనప పట్టీ వేసి మరలు బిగించాడు. మాధవి ఉల్లిపాయ లేకుండా చేసిన ఉప్మా మూడుసార్లు పెట్టించుకున్నాడు. తర్వాత రెండు నెలలు, నాకు సెలవున్నప్పుడల్లా నేను ఆ ఇంట్లో కూర్చున్నాను. బాబు నా ఒళ్ళోనే నిలబడడం నేర్చుకున్నాడు.

తుపాకి కావాలని వచ్చే మనిషిని తుపాకి దాకా తెచ్చిందేమిటో అడగండి. సగం మంది చెబుతారు. వాళ్ళలో కొందరికి తుపాకి కావాలి, కొందరికి మరలు కావాలి. మాధవికి రెండూ కావాలనిపించింది నాకు. ఒంటరిగా ఉన్న ఆడదాని భయాన్ని చట్టం లెక్కలోకి తీసుకోవడం లేదంటే నేను కాదనను.

అదే చట్టంలో ఒక సందు కూడా ఉంది. వీసా మీద ఉన్నా, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ ఉంటే తుపాకి కొనుక్కోవచ్చు. లాయరమ్మ చెబితే మాధవి నవ్వింది. "నేను గుడ్డు కూడా తిననండి. ఏం వేటాడతానని రాయను?" అంది. వేటాడాలని ఎక్కడా లేదంది లాయరమ్మ, కానీ ఈ కేసు తేలేదాకా ఆ మాటే ఎత్తొద్దంది. నాకు అప్పటికీ ఇప్పటికీ అది వింతే. కాగితం లేకపోతే జైలు, ఆ కాగితం ఉంటే హక్కు. మధ్యలో మనిషి మారలేదు.

అడిగినప్పుడు చెప్పింది

లాయరమ్మ సాయి తరఫున ప్రభుత్వానికి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. తప్పని తెలియక చేశాడు, తెలియగానే అప్పగించాడు అన్నది ఆమె మాట. అది నిజమని ప్రభుత్వంవాళ్ళు నమ్మాలి కదా. నమ్మాలంటే యాదగిరి సంగతి తేలాలి. యాదగిరి సంగతి తెలిసింది నాకు.

నన్ను అడగడానికి వస్తారని తెలిశాక, ఒక రోజు పొద్దున్నే యాదగిరి వచ్చాడు. తుపాకుల వైపు రాలేదు. వానపాముల ఫ్రిజ్ దగ్గర నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు.

"అక్కా, నీకు యాదికుంటది. ఏ ఒక్క మాట మర్చిపోవని నాకెర్కే. తెల్వదని చెప్పకు."

"చెబితే నీ మీదకి వస్తుంది."

"నా మీదికి రాకుంటె వాని మీదికి పోతది. వాడు నన్ను అడిగిండక్కా, బావా ఇది తప్పు గాదా అని. నేనే గాదన్న. ఆ ప్రశ్న నేను సదివిన. సదివే టిక్ పెట్టిన."

"లాయర్‌ని పెట్టుకున్నావా?"

"పెట్టుకున్న. ఆయన నోరు మూసుకొమ్మన్నడు. నీ దగ్గర గూడ మూసుకోవాల్నా?" అని నవ్వబోయి మానేశాడు. "వానపాములు గిట్ల చల్లగ పెడితె బతుకుతయా?" అని అడిగాడు. బతుకుతాయన్నాను. వెళ్ళిపోయాడు.

ఆ వారం ప్రభుత్వం తరఫున ఒకామె, ఒకాయన వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. మిస్టర్ ఎర్ల్ ఆఫీస్ గదిలో కూర్చున్నాం. నేను చెప్పాను. శనివారం వచ్చాడని, ఆడపిల్ల చేతిలో పట్టేది అడిగాడని, నేను సుజాతకా అంటే తిన్నగా జవాబు చెప్పలేదని, కలం ఆగిందని, తర్వాత వచ్చి ఏమన్నాడో అదీ. వాళ్ళు రాసుకుంటూ పోయారు. ఒక్కొక్క మాటకి వాళ్ళ పెన్ను కదులుతుంటే నాకు యాదగిరి చేతి పులిహోర గుర్తుకొచ్చింది. ఇంగువ ఎక్కువ వేస్తాడు.

"అనుమానం వస్తే ఎందుకు అడగలేదు?" అంది ఆమె.

"అతని ఇంట్లో భోజనం చేశాను" అన్నాను. ఆమె అది కూడా రాసుకుంది.

గుర్తులేదంటే సరిపోయేది కదా అని తర్వాత చాలామంది అన్నారు. సంఘంలో ఇద్దరు నాతో మాట్లాడడం మానేశారు. వాళ్ళకి నేనేం చెప్పను. చెప్పమన్నవాడు యాదగిరి. వాళ్ళతో ఆ మాట అననే లేదు నేను.

తేలింది

సాయి మీద కేసు పెట్టడం లేదని లాయరమ్మకి ఉత్తరం వచ్చింది. గ్రీన్ కార్డ్ లైన్లో వాళ్ళ చోటు వాళ్ళకి ఉంది. మా కొట్టుకి హెచ్చరిక ఇచ్చి వదిలారు.

యాదగిరి కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు. జైలు వేయలేదు. కొన్నేళ్ళు కోర్టు పెట్టిన ఆఫీసర్ దగ్గరికి వెళ్ళి సంతకం పెట్టిరావాలి. శిక్ష గడువు అయ్యేదాకా ఓటు లేదు. ఆఫీస్‌లో ఉద్యోగం తీసేశారు, ఆరేడు నెలలు ఖాళీగా ఉండి చిన్న కంపెనీలో చేరాడు. తుపాకి అన్నది ఇంక అతను ముట్టుకోవడానికి లేదు. అతను, సాయి, మాధవి, ఆ ముగ్గురిలో రాజ్యాంగం పుట్టుకతో కాకపోయినా పూర్తిగా హక్కు ఇచ్చింది అతనొక్కడికే. బావమరిది కోసం సంతకం పెట్టి అతనే పోగొట్టుకున్నాడు.

సాయి, మాధవి ఏడాది ఆగి, లాయరమ్మ సరేనన్నాక, వేట క్లాసుకి వెళ్ళి ఇద్దరూ లైసెన్స్ తీసుకున్నారు. మాధవి నాలుగు నెలలు కాల్చడం నేర్చుకుంది. నేను అప్పటికి మళ్ళీ తుపాకుల కౌంటర్ మీదే ఉన్నాను. ఒక శనివారం సాయంత్రం ఇద్దరూ కొనడానికి వచ్చారు. మాధవి తన పేరు మీద, తన డబ్బుతో, తన కోసం. ప్రతి ప్రశ్నా నేను పైకి చదివించాను. చదివించాక మళ్ళీ అడిగాను. వీసా ప్రశ్న దగ్గర అవును అని రాసి, లైసెన్స్ చూపించింది.

"ఈ లైసెన్స్ గడువు దాటిన రోజు నుంచి ఈ పిస్తోలు నీ ఇంట్లో ఉండకూడదు. తేదీ ఫ్రిజ్ మీద రాసిపెట్టు" అన్నాను.

"రాశాను ఆంటీ. ఫోన్‌లో కూడా పెట్టాను. మీరు నన్ను చంపేసేలా ఉన్నారు."

ఫోన్ చేశాం. ఇవ్వమన్నారు. పెట్టె తాళం వేసి చేతికిచ్చాను. సాయి పెట్టె పట్టుకోబోతే వద్దంది, తనే మోసుకుంది.

నేనూ వాళ్ళ వెనకే బయటకి వచ్చాను, పార్కింగ్‌లో యాదగిరి ఉన్నాడు. కౌంటర్ దగ్గరికి పిల్లాడెందుకని బాబుని ఎత్తుకుని అక్కడే తిప్పుతున్నాడు. ముగ్గురూ బాబూ ఒకే కార్లో వచ్చారు, యాదగిరే డ్రైవ్ చేశాడు. వచ్చేటప్పుడు ఎవరికీ తట్టలేదు. మాధవి చేతిలో పెట్టె చూడగానే అతను బాబుని సాయికి ఇచ్చేసి నాలుగడుగులు వెనక్కి వేశాడు. తుపాకి ఉన్న కార్లో అతను ఎక్కకూడదు.

సాయి ఆ పెట్టెకేసి, బావకేసి చూశాడు. "బావా, నేను దీన్ని రేపొచ్చి తీసుకపోత. ఇయ్యాల వాపస్ ఇస్త."

"ఏం వద్దు. పోరి ఏడాది నుంచి ఎదురుచూస్తున్నది. మీరు పోండ్రి" అన్నాడు యాదగిరి. తాళంచెవులు నేల మీద పెట్టి మళ్ళీ వెనక్కి జరిగాడు. సాయి వచ్చి తీసుకున్నాడు.

నా డ్యూటీ అయిపోయింది. అతన్ని నేను దింపుతానన్నాను. సాయి వాళ్ళ కారు రోడ్డెక్కేదాకా ఇద్దరం చూశాం. నా కారు దగ్గరికి వచ్చి తలుపు తీశాడు కానీ ఎక్కలేదు.

"అక్కా, ఏమనుకోకు, అడగాలె. నీ కార్ల ఏం లేవు గదా?"

"ఏం లేవు. లంచ్ డబ్బా ఉంది."

"డిక్కీల గూడ?"

"డిక్కీలో కూడా లేవు తమ్ముడూ. కావాలంటే తెరిచి చూడు."

అతను వెనక్కి వెళ్ళాడు. డిక్కీ తెరిచి చూశాడు. అందులో ఉన్న రెండు గోంగూర కట్టలు పక్కకి జరిపి కూడా చూశాడు. మూసి, వచ్చి నా పక్కన కూర్చుని, సీట్ బెల్ట్ పెట్టుకున్నాడు.